ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్ మౌస్ ఎలా ఎంచుకోవాలి? పెట్టె మీది అంకెల కంటే ముందు చూడాల్సినవి

నేను మొదటిసారి కొన్న వైర్‌లెస్ మౌస్ పెట్టె విప్పితే, మౌస్‌తో పాటు గోరంత రిసీవర్ ఒకటి బయటపడింది. నా ల్యాప్‌టాప్‌కు ఉన్నవి రెండే రెండు టైప్-సీ పోర్టులు. ఆ రిసీవరేమో పాతకాలపు వెడల్పాటి యూఎస్‌బీలో పెట్టేది. పెట్టె మీద 'వైర్‌లెస్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది, నేను దాన్ని 'బ్లూటూత్' అని చదువుకున్నాను. తప్పు పెట్టెది కాదు, నాదే. ఇక ఆ మౌస్ కోసం ఒక అడాప్టర్, ఆ అడాప్టర్ ఎక్కడ పెట్టానో అని రోజూ వెతుకులాట. వైరు బాధ వద్దనుకుని కొన్నదానికి నేనే ఒక తోక తగిలించినట్టయింది.

అప్పటి నుంచి ఏ మౌస్ కొనాలని ఎవరైనా అడిగితే కంపెనీ పేర్లు చెప్పను. మీ ల్యాప్‌టాప్ ఏది, మీ చెయ్యి ఎంత, ఎలాంటి బల్ల మీద పని చేస్తారు అని అడుగుతాను. ఈ మూడూ తేలితే సగానికి సగం మోడళ్లు వాటంతటవే పక్కకు పోతాయి. మిగిలినవాటిలో ఏది కొన్నా పెద్దగా పశ్చాత్తాపం ఉండదు. అదే వరుసలో వెళ్దాం.

1. ముందు మీ ల్యాప్‌టాప్ సంగతి తేల్చుకోండి

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బ్లూటూత్ లేనివి అరుదు. అయినా పాత మెషిన్ అయితే ఒకసారి చూసుకోవడం మంచిది. విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. జాబితాలో 'బ్లూటూత్' అనే వరుస కనిపిస్తే ఉన్నట్టే. దాన్ని విప్పి, అడాప్టర్ పేరు మీద డబుల్ క్లిక్ చేసి, 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌లోకి వెళ్తే ఎల్ఎంపీ అని ఒక నంబరు ఉంటుంది. అదే మీ బ్లూటూత్ వెర్షన్ గుట్టు. 6 ఉంటే 4.0, 8 ఉంటే 4.2, 9 ఉంటే 5.0, 11 ఉంటే 5.2. మ్యాక్‌బుక్ వాడేవాళ్లకు ఈ తిప్పలు అక్కర్లేదు. 2013 నుంచి వచ్చినవన్నీ 4.0 లేదా అంతకంటే కొత్తవే.

మౌస్‌కు కనీసం 4.0 ఉంటే చాలు. ఎందుకంటే తక్కువ కరెంటుతో నడిచే 'లో ఎనర్జీ' బ్లూటూత్ 2010లో ఆ వెర్షన్‌తోనే వచ్చింది. ఇప్పుడు వచ్చే మౌస్‌లలో ఎక్కువ భాగం దాని మీదే పనిచేస్తాయి. ఒక్క బ్యాటరీతో నెలల తరబడి నడిచేది కూడా అందుకే. హార్డ్‌వేర్ ఒక్కటే సరిపోదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా అది తెలిసి ఉండాలి. విండోస్ 8 నుంచి తెలుసు, విండోస్ 7కు తనంతట తనకు తెలియదు. ఇంకా విండోస్ 7 మీదే నెట్టుకొస్తున్న ల్యాప్‌టాప్ అయితే రిసీవర్‌తో వచ్చే మౌస్ తీసుకోవడమే సుఖం.

4.0 దాటాక మాత్రం వెర్షన్ గురించి టెన్షన్ పడకండి. 'బ్లూటూత్ 5.3' అని పెట్టె మీద మెరిసే ముద్ర చూసి, నా ల్యాప్‌టాప్‌లో 4.2యే ఉందే అని వెనక్కి తగ్గేవాళ్లను చూశాను. కొత్త మౌస్ పాత బ్లూటూత్‌తో మాట్లాడుతుంది. అది పంపేది ఎటు కదిలింది, ఏ బటన్ నొక్కారు అన్న నాలుగు ముక్కల సమాచారమే. దానికి 5.3 అయినా 4.2 అయినా ఒకటే.

ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ అసలు లేకపోతే యూఎస్‌బీలో పెట్టుకునే బ్లూటూత్ అడాప్టర్లు దొరుకుతాయి. కానీ మౌస్ ఒక్కదాని కోసమే అయితే అది కొనకండి. ఎలాగూ ఒక పోర్టు పోతున్నప్పుడు, సొంత రిసీవర్ ఉన్న మౌసే తీసుకోవచ్చు కదా.

2. వైర్‌లెస్ అన్నదల్లా బ్లూటూత్ కాదు

వైరు లేని మౌస్‌లు మూడు రకాలు. రిసీవర్‌తో మాత్రమే పనిచేసేవి, బ్లూటూత్‌తో మాత్రమే పనిచేసేవి, రెండూ ఉన్నవి. రిసీవర్‌నే డాంగిల్ అనీ అంటారు. పెట్టె మీద '2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్' అని మాత్రమే ఉంటే అది రిసీవర్ రకమని అర్థం. తమాషా ఏమిటంటే బ్లూటూత్ కూడా వాడేది ఆ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌నే. కాబట్టి అంకెను నమ్ముకోకండి, గుర్తును వెతకండి. కోసుగా ఉన్న ఇంగ్లిష్ 'బి' అక్షరానికి ఎడమ వైపు రెండు మీసాలు మొలిచినట్టు ఉంటుందే, అది. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్‌కు 'బ్లూటూత్' అన్న మారుపేరు ఉండేది. ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలను పాత రూన్ లిపిలో రాసి, ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చిన గుర్తు అది. ఎప్పటి రాజు, ఎక్కడి మౌస్! ఏమైనా ఆ గుర్తు లేకపోతే, అమ్మేవాళ్లు ఏం చెప్పినా ఆ మౌస్‌లో బ్లూటూత్ లేదనే అనుకోండి.

ఈ మూడింటిలో మీకు ఏది నప్పుతుంది?

బ్లూటూత్ మేలు మొదటిది, పోర్టు ఖర్చు కాదు. సన్నటి ల్యాప్‌టాప్‌లకు ఉన్న రెండు మూడు పోర్టుల్లో ఒకటి చార్జర్‌కే పోతుంది. రెండోది, పారేసుకోవడానికి రిసీవర్ ఉండదు. రిసీవర్ పోతే చాలా మోడళ్లలో మౌస్ కూడా పోయినట్టే, వేరే రిసీవర్‌తో అది కలవదు. కొన్ని కంపెనీలు మాత్రం విడిగా రిసీవర్ అమ్ముతాయి. లాజిటెక్ 'యూనిఫయింగ్', 'బోల్ట్' రకాలు అలాంటివి. అయితే యూనిఫయింగ్ మౌస్‌కు యూనిఫయింగ్ రిసీవరే, బోల్ట్ మౌస్‌కు బోల్ట్ రిసీవరే పనికొస్తుంది. మూడోది, అదే మౌస్‌ను ట్యాబ్లెట్‌కో ఫోన్‌కో కూడా కలపవచ్చు.

భద్రత సంగతి కూడా ఒక మాట. 2016లో బాస్టిల్ అనే సంస్థ పరిశోధకులు 'మౌస్‌జాక్' అనే లోపాన్ని బయటపెట్టారు. దగ్గరలో ఉన్న మరొకరు రేడియో ద్వారా కొన్ని రిసీవర్లలోకి దొంగ కీస్ట్రోకులు, అంటే మీరు కొట్టని కీబోర్డు నొక్కులు, పంపగలరని చూపించారు. అది బ్లూటూత్ కాని రిసీవర్ల సమస్య. పాత రిసీవర్ మౌస్ ఏదైనా వాడుతుంటే దానికి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో కంపెనీ సైట్‌లో చూడండి.

ఇక బ్లూటూత్ చిక్కులు. కాసేపు ముట్టుకోకపోతే మౌస్ నిద్రపోతుంది. మళ్లీ కదిపినప్పుడు లేవడానికి అరసెకనో సెకనో పడుతుంది. ల్యాప్‌టాప్ పూర్తిగా లేవకముందు, అంటే బయోస్ సెట్టింగ్‌ల తెరలో, మామూలుగా బ్లూటూత్ మౌస్ పనిచేయదు. ఇంకొకటి, 6.2కు ముందు వెర్షన్ల లో ఎనర్జీ బ్లూటూత్‌లో రెండు మాటల మధ్య కనీస విరామం 7.5 మిల్లీసెకన్లు. అంటే మౌస్ తన కదలికను సెకనుకు సుమారు 133 సార్లకు మించి చెప్పలేదు. గేమింగ్ కోసం చేసిన రిసీవర్ మౌస్‌లు 1000 సార్లు చెబుతాయి. ఈమెయిళ్లు, ఎక్సెల్ షీట్లు, ఫొటో ఎడిటింగ్ దగ్గర ఈ తేడా మీకు తెలియదు. గురిపెట్టి కాల్చే ఆటలు ఆడేవాళ్లకు మాత్రం తెలుస్తుంది. వాళ్లు బ్లూటూత్ ఒక్కటే ఉన్న మౌస్ జోలికి పోకూడదు.

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసుకున్నవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. మౌస్ దృష్టిలో ఆ రెండూ ఒకే ల్యాప్‌టాప్. ఇటు జత చేస్తే, అటు జత కోసం దాచుకున్న రహస్య కోడ్ చెల్లకుండా పోతుంది, అటు వెళ్లాక మళ్లీ జత చేయమంటుంది. రెండు మూడు చానెళ్లు ఉన్న, అంటే రెండు మూడు పరికరాలను విడివిడిగా గుర్తుపెట్టుకునే మౌస్ అయితే ఒక చానెల్ విండోస్‌కు, ఇంకోటి లినక్స్‌కు ఇచ్చి గొడవ తెంచుకోవచ్చు.

నా లెక్కలో రెండూ ఉన్న రకమే మంచిది, ధరలో తేడా మరీ ఎక్కువ లేకపోతే. తేడా ఎక్కువ ఉంటే మాత్రం అదేమీ తప్పనిసరి కాదు. డెస్క్‌టాప్ మీద బ్లూటూత్ మొరాయిస్తే చేతులు కట్టేసినట్టే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు టచ్‌ప్యాడ్ ఉంటుంది కాబట్టి ఆ పూటకు గండం గడుస్తుంది.

3. మీ చేతిని కొలవండి

మౌస్ కొనేటప్పుడు ఎవరూ చేయని పని, అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. స్కేలు తీసుకుని మణికట్టు దగ్గర గీత నుంచి నడిమి వేలి కొస వరకు కొలవండి. మోటుగా చెప్పాలంటే 17 సెంటీమీటర్ల లోపు చిన్న చెయ్యి, 19 దాటితే పెద్ద చెయ్యి, మధ్యలోది మధ్యస్థం. మౌస్ పొడవు చేతి పొడవులో 60 శాతం దగ్గర ఉంటే పట్టు కుదురుతుందని వాడుకలో ఒక లెక్క ఉంది. 18 సెంటీమీటర్ల చేతికి దాదాపు 11 సెంటీమీటర్ల మౌస్ అన్నమాట. ఇది శాసనమేమీ కాదు. కానీ 19.5 సెంటీమీటర్ల చెయ్యి పెట్టుకుని 9.5 సెంటీమీటర్ల ముచ్చటైన చిన్న మౌస్ కొంటే, సాయంత్రానికి వేళ్లు కొంకర్లు పోయినట్టు ఎందుకున్నాయో ఈ లెక్క చెబుతుంది.

తర్వాత మీరు మౌస్‌ను ఎలా పట్టుకుంటారో గమనించండి. కొందరు అరచెయ్యి మొత్తం మౌస్ మీద వాల్చేస్తారు. కొందరు అరచేతి మడమను మాత్రం ఆనించి, వేళ్లను గద్ద గోళ్లలా వంచి పెడతారు. ఇంకొందరికి వేళ్ల కొసలు తప్ప మరేమీ తగలదు. మొదటి రకం వాళ్లకు వెనక భాగం బాగా ఉబ్బెత్తుగా, కాస్త పొడవుగా ఉన్న మౌస్ కావాలి. చివరి రకం వాళ్లకు చిన్నది, తేలికైనది హాయి. బ్యాగులో పట్టేందుకని పలచగా, సబ్బుబిళ్ల అరిగిపోయినట్టు చేసే మౌస్‌లు ఉంటాయే, అవి చివరి రకం వాళ్లకు పర్వాలేదు. చెయ్యి వాల్చేవాళ్లు వాటితో రోజుకు ఎనిమిది గంటలు పని చేయాలంటే నరకమే.

ఆన్‌లైన్‌లో కొంటున్నారా? చేతిలో పట్టుకుని చూసే వీలు లేదు కాబట్టి ఒక చిన్న చిట్కా. ఉత్పత్తి వివరాల్లో పొడవు, వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో ఇస్తారు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న మౌస్‌ను అలాగే కొలిచి, ఆ అంకెల పక్కన రాసుకోండి. పాతది చేతికి చిన్నదనిపించేదా, వెడల్పనిపించేదా మీకే తెలుసు. కొత్తదాని అంకెలు అటు జరిగాయా ఇటు జరిగాయా చూస్తే చాలు. పాత మౌస్ లేకపోతే అట్టముక్కను ఆ కొలతలకు కత్తిరించి చెయ్యి పెట్టి చూడండి. నవ్వొచ్చే పనే కానీ, ఫొటోలో అన్ని మౌస్‌లూ ఒకే సైజులో కనిపిస్తాయి మరి. ఎత్తు అంకెను మాత్రం వదిలేయకండి. 25 మిల్లీమీటర్ల ఎత్తున్నది పలచటి రకం, 40కి అటూ ఇటూ ఉంటే చెయ్యి ఆనుతుంది.

బరువు కూడా చూడండి. బ్లూటూత్ మౌస్‌లు చాలావరకు 60 గ్రాముల నుంచి 140 గ్రాముల దాకా ఉంటాయి. కొన్నిచోట్ల బ్యాటరీ లేకుండా బరువు రాస్తారు. ఒక ఆల్కలైన్ డబుల్ ఏ బ్యాటరీ సుమారు 23 గ్రాములు, ట్రిపుల్ ఏ అయితే అందులో సగం. ఇంట్లోనే ఉండే మౌస్‌కు బరువు పెద్ద లోపం కాదు, కొందరికి అదే స్థిరంగా అనిపిస్తుంది. రోజూ బ్యాగులో తిరిగేదైతే తేలిక మేలు.

ఎడమచేతి వాటం వాళ్లు కుడిచేతికి వంపు తిరిగిన మోడళ్లను చూడటమే అనవసరం. రెండు పక్కలా ఒకేలా ఉన్నవి తీసుకుని, సెట్టింగ్స్‌లో ప్రైమరీ బటన్‌ను కుడికి మార్చుకోవచ్చు. అక్కడా ఒక మెలిక ఉంది. ఆకారం సమానంగా ఉన్నా పక్క బటన్లు చాలాసార్లు ఎడమ వైపే ఉంటాయి. ఎడమ చేత్తో పట్టుకుంటే అవి బొటనవేలి కింద కాకుండా ఉంగరపు వేలి కింద పడతాయి.

నిలువు మౌస్ గురించి తరచూ అడుగుతారు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు చెయ్యి నిలువుగా ఉంటుంది, ముంజేయి మెలితిరగదు. కొందరికి నిజంగానే హాయినిస్తుంది. మొదటి వారం పది రోజులు మాత్రం చిన్న చిన్న ఐకాన్ల మీద గురి కుదరక చిరాకు పుడుతుంది, ఆ ఓపిక ఉంటేనే కొనండి. మణికట్టు నొప్పి, తిమ్మిర్లు ఇప్పటికే మొదలై ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మౌస్ సంగతి తర్వాత.

4. మీ బల్ల, సెన్సర్, డీపీఐ అనే అంకె

మౌస్ అడుగున ఉన్నది ఒక బుల్లి కెమెరా. అది బల్ల ఉపరితలాన్ని సెకనుకు వేల సార్లు ఫొటో తీస్తూ, ముందు ఫొటోకూ ఈ ఫొటోకూ ఎంత జరిగిందో పోల్చుకుంటుంది. కాబట్టి ఫొటోలో పట్టుకోవడానికి ఏదో ఒక గీతో గరుకో ఉండాలి. చెక్క, బట్ట, కాగితం మీద దానికి పండగే. గాజు బల్ల మీద మాత్రం చూడటానికి ఏమీ కనిపించదు, కర్సర్ గంతులేస్తుంది లేదా కదలదు. అద్దంలా మెరిసే తెల్లటి లామినేట్ మీద కూడా కొన్ని తడబడతాయి. గాజు మీద పనిచేసే సెన్సర్లూ ఉన్నాయి. లాజిటెక్ 'డార్క్‌ఫీల్డ్' అలాంటిదే, కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు మీద పనిచేస్తుందని ఆ కంపెనీయే చెబుతుంది. గాజు బల్ల ఉన్నంత మాత్రాన ఖరీదైన సెన్సర్ కొనక్కర్లేదు లెండి, మౌస్‌ప్యాడ్ వేస్తే సరి. ప్రయాణంలో అయితే ఒక తెల్ల కాగితం చాలు.

డీపీఐ దగ్గరే పెట్టెలు అరచేతిలో వైకుంఠం చూపిస్తాయి. 4000, 8000 అని రాసి ఉంటే రెట్టింపు మంచిదేమో అనిపిస్తుంది. డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం కదిలితే ఎన్ని చుక్కలు లెక్కపెడుతుందన్నది, అంతే. ల్యాప్‌టాప్ తెర అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉందనుకోండి. 800 డీపీఐ మౌస్‌తో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడానికి 2.4 అంగుళాలు కదపాలి, అంటే ఆరు సెంటీమీటర్లు. 3840 పిక్సెళ్ల 4కే తెరకు 1600 డీపీఐతో అదే ఆరు సెంటీమీటర్లు. 8000 పెడితే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు కదలికకే కర్సర్ మామూలు తెర దాటిపోయేంత దూకుతుంది, దాంతో మీరు చేసేదేమీ ఉండదు. 800 నుంచి 1600 మధ్య పనిచేసే మౌస్ ఏదైనా మామూలు పనికి చాలు. రెండు మానిటర్లు పెట్టుకునేవాళ్లకు 2400 దాకా అవసరం పడొచ్చు.

డీపీఐ ఎంతన్నదాని కంటే, దాన్ని మార్చే బటన్ ఎక్కడుందన్నది చూడండి. చక్రం వెనకే ఉంటే పొరపాటున వేలు తగిలి కర్సర్ వేగం హఠాత్తుగా మారుతుంది, మౌస్ పాడైందనుకుని కంగారు పడతారు.

5. బ్యాటరీ: మార్చేదా, చార్జ్ చేసేదా

నా ఓటు ఒక్క డబుల్ ఏ బ్యాటరీతో నడిచే మౌస్‌కు. వాడకాన్ని బట్టి నెలల తరబడి, కొన్ని మోడళ్లలో ఏడాది దాటి వస్తుంది. అయిపోయిన రోజు కొత్తది వేస్తే నిమిషంలో పని మొదలు. లోపల బిగించిన లిథియం బ్యాటరీ అయితే కొన్నేళ్లకు సత్తువ తగ్గుతుంది. దాన్ని మార్చడం చాలా మోడళ్లలో మన చేతిలో పని కాదు, అప్పుడు మంచి మౌస్‌ను బ్యాటరీ కోసం పారేయాలి.

చార్జింగ్ రకమే ఇష్టమైతే రెండు విషయాలు అడగండి. పోర్టు టైప్-సీయేనా? ఇంకా మైక్రో యూఎస్‌బీతో వచ్చేవి ఉన్నాయి, వాటి కోసం వేరే కేబుల్ మోయాలి. చార్జ్ అవుతుండగా వాడుకోవచ్చా? ఆపిల్ మ్యాజిక్ మౌస్‌కు 2015 నుంచి చార్జింగ్ పోర్టు అడుగున ఉంది. కేబుల్ పెడితే మౌస్‌ను వెల్లకిలా పడుకోబెట్టాల్సిందే. 2024లో దాన్ని టైప్-సీకి మార్చినప్పుడు కూడా చోటు మార్చలేదు.

పారేసే బ్యాటరీలు వద్దనుకుంటే రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేసుకోవచ్చు. వాటి వోల్టేజీ 1.5 కాదు, 1.2. అందుకే నిండుగా ఉన్నా తెర మీద బ్యాటరీ శాతం తక్కువగా చూపించవచ్చు, దానికి కంగారు పడనక్కర్లేదు. అడుగున ఆన్, ఆఫ్ స్విచ్ ఉన్న మోడల్ చూసుకోండి, బ్యాగులో కుదుపులకు మౌస్ మాటిమాటికీ లేవకుండా ఉంటుంది. నెలల పాటు వాడకుండా పక్కన పెట్టేటప్పుడు ఆల్కలైన్ సెల్ తీసేయండి. అది కారితే లోపలి రేకులు తుప్పు పడతాయి.

6. క్లిక్కు, చక్రం, బటన్లు

రాత్రిపూట పక్కన ఎవరో పడుకుని ఉండగా పని చేసేవాళ్లు, లైబ్రరీలో కూర్చునేవాళ్లు 'సైలెంట్' అని రాసినవి చూడండి. క్లిక్కు కాస్త మెత్తగా ఉంటుంది, కొందరికి నొక్కామో లేదో తెలియనట్టు అనిపిస్తుంది. వీలైతే ఒకసారి నొక్కి చూసి కొనండి. చక్రాన్ని నొక్కితే మిడిల్ క్లిక్ అవుతుంది. బ్రౌజర్‌లో లింకులను కొత్త ట్యాబ్‌లో తెరవడానికి రోజూ వాడేవాళ్లు చక్రం మరీ గట్టిగా లేకుండా చూసుకోవాలి. వందల పేజీల పత్రాలు, పొడవాటి షీట్లు చూసే పనైతే, ఒక్క తోపుతో జర్రున తిరిగే చక్రం ఉన్న మోడళ్లు డబ్బుకు న్యాయం చేస్తాయి.

వెనక్కి, ముందుకు వెళ్లే పక్క బటన్లు ఒకసారి అలవాటైతే అవి లేని మౌస్ వాడలేరు. మ్యాక్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ బటన్లు చాలాచోట్ల మౌస్ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ లేనిదే పనిచేయవు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంతంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోతే అవి అలంకారానికే మిగులుతాయి. స్క్రోల్ దిశ కూడా మ్యాక్‌లో టచ్‌ప్యాడ్‌కూ మౌస్‌కూ కలిపి ఒకటే సెట్టింగ్, ఒకదానికి మారిస్తే రెండోదానికీ మారుతుంది.

7. రెండు మూడు పరికరాల మధ్య తిప్పుతారా?

ఆఫీసు ల్యాప్‌టాప్, సొంత ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ ఉన్నవాళ్లకు 'మల్టీ డివైస్' మౌస్ చాలా పనికొస్తుంది. మామూలుగా మూడింటిని గుర్తుపెట్టుకుంటాయి. చానెల్ మార్చే బటన్ పైనో పక్కనో ఉందా, అడుగున ఉందా అన్నది ఫొటోలో చూడండి. రోజుకు ఇరవై సార్లు మార్చేవాళ్లకు ప్రతిసారీ మౌస్ తిరగేయడం విసుగు. అలాగే 'మూడు పరికరాలు' అంటే మూడూ బ్లూటూతేనా, రెండు బ్లూటూత్, ఒకటి రిసీవరా అన్నది వివరాల్లో చదవండి. రెండో రకమూ ఉన్నాయి. బ్లూటూత్ మాత్రమే కావాలనుకునేవాళ్లకు అక్కడ ఒక చానెల్ తగ్గినట్టే.

8. జత చేయడం

మౌస్ ఆన్ చేసి, జత బటన్‌ను మూడు నుంచి ఐదు సెకన్ల పాటు నొక్కి పట్టండి. దీపం గబగబా మెరవాలి, నిదానంగా మెరిస్తే అది ఇంకా పాత పరికరాన్నే వెతుకుతోందని చాలా మోడళ్లలో అర్థం. విండోస్ 11లో సెట్టింగ్స్, 'బ్లూటూత్ అండ్ డివైసెస్', 'యాడ్ డివైస్', 'బ్లూటూత్' వరుసగా నొక్కి, జాబితాలో మౌస్ పేరు కనిపించగానే దాన్ని ఎంచుకోండి. 'స్విఫ్ట్ పెయిర్' ఉన్న మౌస్ అయితే దగ్గర పెట్టగానే తెర మూలన చిన్న పెట్టె వచ్చి జత చేయమంటారా అని అడుగుతుంది. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని బ్లూటూత్‌లోకి వెళ్లి 'కనెక్ట్' నొక్కాలి. ఎక్కడైనా పిన్ అడిగితే 0000 కొట్టి చూడండి.

పేరు కనిపించకపోతే ముందుగా అనుమానించాల్సింది మీ ఫోన్‌నో పాత ల్యాప్‌టాప్‌నో. మౌస్ దానికి అతుక్కుని ఉండొచ్చు. అక్కడ బ్లూటూత్ ఆపి మళ్లీ ప్రయత్నించండి.

9. మొదటి వారంలోనే గట్టిగా పరీక్షించండి

జత కాగానే మురిసిపోయి పెట్టె పారేస్తే తర్వాత ఇబ్బంది. పెయింట్ తెరిచి మెల్లగా పెద్ద సున్నాలు గీయండి, గీత ఎక్కడా తెగకూడదు, మెట్లు మెట్లుగా రాకూడదు. ఒక ఫోల్డర్ మీద యాభై సార్లు విడివిడిగా, నిదానంగా సింగిల్ క్లిక్ చేయండి. ఒక్కసారి తెరుచుకున్నా ఆ స్విచ్ ఒక నొక్కును రెండుగా పంపుతోందన్నమాట. ఈ జబ్బు రోజురోజుకూ ముదురుతుందే కానీ తగ్గదు. పావుగంట ముట్టుకోకుండా వదిలేసి, కదిపితే ఎంతసేపట్లో లేస్తుందో చూడండి. ల్యాప్‌టాప్ మూత వేసి, తెరిచి, తనంతట తానే కలుస్తుందా చూడండి. చివరగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక వీడియో కాల్ చేస్తూ మౌస్ వాడండి. గాలిలో రద్దీ ఎక్కువైనప్పుడు తడబడేది ఇక్కడే బయటపడుతుంది.

తడబడితే వెంటనే మౌస్‌ను తిట్టకండి. నాకు ఒకసారి కర్సర్ రోజూ సాయంత్రం మాత్రమే ఆగి ఆగి నడిచేది. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, ఆ వేళకు నేను బ్యాకప్ కోసం బయటి హార్డ్ డిస్క్ తగిలిస్తున్నాను. యూఎస్‌బీ 3.0 పరికరాలు, వాటి కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద చేస్తాయి. ఇంటెల్ కంపెనీయే 2012లో దీని మీద ఒక పత్రం వేసింది. డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు అటు వైపు, కాస్త పొడవాటి కేబుల్‌తో దూరంగా పెట్టగానే మౌస్ దారికొచ్చింది. యూఎస్‌బీ హబ్‌లతోనూ ఇదే గొడవ.

అది కాకపోతే వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి. విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, 'పవర్ మేనేజ్‌మెంట్' ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న టిక్కును తీసేయండి. అడాప్టర్ డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి అప్‌డేట్ చేయండి. బ్యాటరీ కొత్తది వేసి చూడండి, చివరి దశలో ఉన్న సెల్‌తో కొన్ని మౌస్‌లు ఇలాగే నత్తనడక నడుస్తాయి.

ఇన్ని చేసినా మారకపోతే ఆ మౌస్‌ను ఇంకో ల్యాప్‌టాప్‌కు కలిపి చూడండి. అక్కడ బాగుంటే లోపం మీ ల్యాప్‌టాప్ బ్లూటూత్‌లో ఉంది, ఇంకో బ్లూటూత్ మౌస్ కొన్నా లాభం లేదు, రిసీవర్ రకానికి మారండి. అక్కడా తడబడితే మౌస్‌దే లోపం, వెనక్కి ఇచ్చేయండి. వెనక్కి ఇచ్చే గడువు తేదీ ముందే చూసి పెట్టుకోండి, ఆ తేదీ దాటేవరకు పెట్టె, బిల్లు, లోపలి ప్లాస్టిక్ ట్రే సహా ఏదీ పారేయకండి.